ఎదురొచ్చే మనిషి

ఏప్రిల్ 6

సత్యదేవ్ పోయినప్పుడు డాక్టరు డైరీ రాసుకోమన్నాడు. అప్పుడు రాయలేదు. మొగుడు పోయిన ఆరేళ్ళకు ఇప్పుడు మొదలుపెడుతున్నాను. డాక్టరు మాట మీద గౌరవం పెరిగి కాదు, ఇంట్లో ఎవరితోనూ అనలేని సంగతి ఒకటి ఉంది కాబట్టి.

పద్నాలుగున ప్రయోగం. మా తమ్ముడు అభిరామ్ రాకెట్ ఎక్కుతున్నాడు, మరో ఇద్దరితో పాటు. మొన్నటిదాకా శ్రీహరికోటలో ప్రయోగాలకు వాతావరణం చూసే బృందంలో నేనున్నాను. వాడి పేరు ఖరారైన రోజునే నన్ను తప్పుకోమన్నారు. తీసేయలేదు, తప్పుకోమన్నారు. ఎక్కేవాళ్ళ రక్తసంబంధీకులు ఆ కుర్చీలో కూర్చోకూడదని నియమం. మంచి నియమమే. అది రాసిన కమిటీలో నేనూ ఉన్నాను, కాబట్టి దెబ్బలాడే మొహం కూడా లేదు.

ఇప్పుడు బేగంపేట ఆఫీసులో కూర్చుని నగరానికి సూచన రాస్తున్నాను. పగటిపూట ఎండ, సాయంత్రానికి అక్కడక్కడా మబ్బు. బొల్లారంలో అమ్మ దగ్గర ఉంటున్నాను. ఫిబ్రవరిలో బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది, వాకర్ పట్టుకుని నడుస్తోంది. నేనిక్కడ ఉండడమే మంచిదైందని అందరూ అంటున్నారు. నేనూ అంటున్నాను.

ప్రయోగానికి సంబంధించిన చార్టులు చూడకూడదని నిర్ణయించుకున్నాను.

ఏప్రిల్ 7

చార్టులు చూడలేదు.

ఏప్రిల్ 8

ఉపగ్రహ చిత్రం ఒకటి చూశాను. అది చార్టు కిందికి రాదు. ఎవరి ఫోన్‌లోనైనా వస్తుంది.

బంగాళాఖాతం మీద ఒక్క మబ్బు తునక లేదు. నిరాశపడ్డాను. ఎందుకో ఆలోచించలేదు.

ఏప్రిల్ 9

పై వాటాలో అద్దెకుండే శారదమ్మ సాయంత్రం మామిడికాయలు పట్టుకొచ్చింది. ఆమె భర్త తుకారాం గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. అమ్మ ఆమె కోసమే కాచుకుని కూర్చుంది.

"శారదమ్మా, వాడు ఎక్కే ముందు రోజు సాయంత్రం వీడియోలో మాట్లాడనిస్తారట. నువ్వు చెంబు పట్టుకుని ఎదురు రావాలి."

"ఎవ్వరికమ్మా?"

"వాడికే. ఫోను టేబుల్ మీద నిలబెడతాం. నువ్వు గుమ్మంలోంచి దానికి ఎదురుగా నడిచి రా."

"ఏందమ్మా గిది! ఫోన్‌ల ఎదురొస్తే సుత లెక్కకొస్తదా?"

"చూసేది వాడే కదా. వస్తుంది."

"సరే తియ్యి. మన పోరడు గంత దూరం బోతుండు, నాకేం తక్లీఫ్. పట్టుచీర గట్టుకుంట" అంది శారదమ్మ. అని నా వైపు చూసి, చూపు తిప్పుకుంది. నేను మామిడికాయ తరుగుతున్నాను.

మా ఇంట్లో ఎవరైనా పెద్ద పని మీద బయల్దేరితే ఇంటి ఆడపిల్ల నీళ్ళ చెంబుతో గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, బయల్దేరే మనిషికి ఎదురు రావాలి. అభిరామ్ టెన్త్ పరీక్షలకీ, ఎయిర్‌ఫోర్స్ ఇంటర్వ్యూకీ, పెళ్ళికీ నేనే ఎదురొచ్చాను. చిన్నప్పుడు "అక్క రాందే కదలను" అని గుమ్మం పట్టుకుని నిలబడేవాడు. బస్సు పోతుందిరా అని నాన్న అరిచినా కదిలేవాడు కాదు.

సత్యదేవ్ పోయాక అమ్మ నన్ను పిలవడం మానేసింది. నోటితో ఏమీ అనలేదు. సరిగ్గా ఆ వేళకు వంటింట్లో ఏదో ఒక పని పురమాయిస్తుంది. నాన్న పోయినప్పటి నుంచి తనూ అంతే. ఎవరు బయల్దేరినా వెనక గదిలోకి వెళ్ళి కూర్చుంటుంది. తనకు వేసుకున్న శిక్షే నాకూ వేసింది కాబట్టి కోపం తెచ్చుకుందామన్నా వీలుపడదు.

నాకు వీటి మీద నమ్మకం లేదు. పదో తరగతి నుంచీ లేదు.

ఏప్రిల్ 11

చార్టులు చూశాను. అన్నీ.

మూడు రోజుల కిందట దక్షిణాన, అంటార్కిటికా దగ్గరి సముద్రంలో పెద్ద తుఫాను లేచింది. ఆ తుఫాను మన దాకా రాదు. దాని అలలు వస్తాయి. వేల కిలోమీటర్లు ఈదుకుంటూ, గాలీ వానా ఏమీ వెంట లేకుండా, ఎండ ఫెళ్ళున కాస్తున్న రోజున వచ్చి మన తీరాన్ని బాదుతాయి. పద్నాలుగుకి బంగాళాఖాతం చేరతాయి.

ప్రయోగం అనగానే అందరూ తలలెత్తి పైకి చూస్తారు. మనుషులెక్కిన రాకెట్‌కి కిందికి కూడా చూడాలి. మధ్యలో ఏదైనా తప్పితే, వాళ్ళు కూర్చున్న క్యాప్సూల్ విడివడి పారాచూట్ గొడుగుల సాయంతో సముద్రంలో దిగుతుంది. అల హద్దు మించి ఉంటే అది బోర్లాపడవచ్చు, వెతికే పడవలు చేరలేకపోవచ్చు. అందుకని రాకెట్ పోయే దారి కింద ఉన్న నీళ్ళన్నీ చూస్తాం. మా బృందంలో చెప్పేది ఒకే మాట. గ్రీన్, లేదంటే రెడ్. "ఏమో" అనడానికి జీతం ఇవ్వరు.

పద్నాలుగుకి రెడ్.

యామిని చూసే ఉంటుంది. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది యామినే. నేను పని నేర్పిన పిల్ల. నేనెవరికీ ఫోన్ చేయలేదు, చేయాల్సిన అవసరమూ లేదు.

అన్నం బాగా తిన్నాను.

ఏప్రిల్ 13

శారదమ్మ పట్టుచీరతో, కొప్పులో మల్లెపూలతో వచ్చింది. తుకారాం గారు ఫోను పట్టుకుని రైలుకి జెండా ఊపినట్టు చెయ్యి ఊపారు. ఆమె గుమ్మంలోంచి నడిచొచ్చింది. అభిరామ్ తెర మీద నవ్వి, శారదమ్మకు దండం పెట్టాడు.

నేను వంటింట్లో ఉన్నాను. పని ఉంది.

ఏప్రిల్ 14

ఉదయం నుంచీ టీవీ. వాళ్ళు ముగ్గురూ బట్టలు తొడుక్కుని, బస్సెక్కి, లిఫ్టులో పైకి వెళ్ళి, సీట్లలో కూర్చున్నారు. క్యాప్సూల్ తలుపు మూశారు. అభిరామ్ మొహం ఒక్క క్షణం కనిపించింది. దవడ బిగించి ఉన్నాడు. లెక్కల పేపర్ ముందు అలాగే ఉండేవాడు.

కౌంట్‌డౌన్ చివరికి వస్తుండగా అమ్మ, "ఇందూ, పాలు పొంగుతాయేమో చూడు" అంది.

వెళ్ళాను. పొయ్యి మీద పాలు లేవు. పొయ్యే వెలిగించి లేదు. దాని ముందు నిలబడ్డాను.

అప్పుడే హాల్లోంచి శారదమ్మ కేక. "ఆపేసిన్రు! అమ్మా, ఆపేసిన్రు!"

చివరి నిమిషం దాకా చూసినా సముద్రం బాగుపడలేదని, వాయిదా అని చెబుతున్నారు. తెర మీద మాత్రం ఎండ. నీలం తప్ప ఇంకేమీ లేని ఆకాశం.

"ఇంత ఎండ కాస్తుంటే వాతావరణం బాలేదంటారేంటే? నీ ఉద్యోగంలో ఇలాగేనా చెప్పేవాళ్ళు?" అని అమ్మ నన్ను నిలదీసింది. అలల సంగతి చెప్పాను. వింది. నమ్మిందో లేదో తెలియదు. శారదమ్మ మెల్లగా లేచి పైకి వెళ్ళిపోయింది. మెట్ల మీద తుకారాం గారితో అంటుంటే వినిపించింది. "నేనెదురొస్తిని, ఆగిపాయె. అమ్మ మనసుల ఏమనుకుంటుందో."

నేను సంతోషించాను. ఇది నా డైరీ, రాసుకోవచ్చు. గుండె నిండా సంతోషించాను.

ఏప్రిల్ 16

సత్యదేవ్ పోయిన రోజు ఉదయం మేమిద్దరం ఉండే ఇంటి నుంచి మేడ్చల్ వైపు బయల్దేరినప్పుడు నేనే ఎదురొచ్చాను. కొత్త కాంట్రాక్టు మీద సంతకాలకు వెళుతున్నాడు. చెంబు పట్టుకుని గేటు దగ్గర నుంచి నడిచొస్తుంటే, "సినిమాలోలా నెమ్మదిగా రా" అని ఏడిపించాడు. లారీ గుద్దింది పదకొండు గంటల లోపే.

ఈ సంగతి అమ్మకు తెలియదు. ఎవరికీ తెలియదు.

నాకు వీటి మీద నమ్మకం లేదు.

ఏప్రిల్ 17

నిన్న కొత్త తేదీ ఇచ్చారు. ఇరవై, ఉదయం.

ఈ సాయంత్రం సికింద్రాబాద్ అంతా వడగళ్ళు. బన్సీలాల్‌పేట్‌లో చెట్లు పడ్డాయట. మా గేటు పక్క పడిన గడ్డలను తుకారాం గారు గిన్నెలోకి ఏరుతున్నారు, ఈ వయసులో. అది చూసి అమ్మ, "అక్కడ కూడా ఇలా పడితే బాగుండు" అంది. ఆ వెంటనే నాలుక కరుచుకుంది.

అంటే అమ్మకూ ఇదే. మేమిద్దరం ఒకే హాల్లో ఒకే కోరిక దాచుకుని కూర్చుంటున్నాం.

ఏప్రిల్ 18, ఉదయం

మూడు రోజులుగా ఇరవైకి నా సొంత సూచన రాసి చూసుకుంటున్నాను. మొదటి రోజు రెడ్, అలల వల్ల. రెండో రోజు రెడ్, పై గాలుల వల్ల. ఇవాళ రెడ్, మేఘం వల్ల. రాయలసీమ మీద సాయంత్రాలు ఉరుముల మేఘాలు లేస్తున్నాయి. వాటి తల కమ్మరి దాగలిలా బల్లపరుపుగా సాగి, తూర్పుకి కొట్టుకొస్తుంది. చూడటానికి పల్చని తెల్లటి పొర. అందులో మెరుపు ఉండదు. అయినా రాకెట్ దాన్ని చీల్చుకుంటూ వెళితే తనే మెరుపును రప్పించుకుంటుంది. ఆ పొర మర్నాటి ఉదయం దాకా నిలిచి ఉంటే?

నిలిచి ఉండవచ్చు. యామిని ఇది గమనించిందో లేదో. చిన్నపిల్ల. పక్కన పెద్దవాళ్ళు లేరు. చెప్పడం నా బాధ్యత.

ఏప్రిల్ 18, సాయంత్రం

చెప్పాను.

ఆఫీసు బయట, మెట్రో స్తంభాల కింద కారు ఆపుకుని ఫోన్ చేశాను. యామిని మొత్తం విన్నది. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. నేనే నేర్పాను అలా వినమని.

"మేడమ్, ఆ పొర మీకెక్కడ కనపడింది?"

"కనపడిందని కాదు. రావచ్చు అంటున్నాను."

"ఈరోజు మేం రెండు బెలూన్లు వదిలాం మేడమ్. ఆ ఎత్తులో అంతా డ్రై. సీమలో లేచినవి రాత్రికే చెదిరిపోతున్నాయి. మీరు ఈ డేటా చూశారు కదా?"

చూశాను. చూసినట్టు చెప్పలేకపోయాను.

"మేడమ్..." అని ఆగింది. "మీరు ఫోన్ చేశారని నేను చీఫ్‌కి రిపోర్ట్ చేయాలి. ఎక్కేవాళ్ళ ఫ్యామిలీ నుంచి కాల్ వస్తే చెప్పి తీరాలి కదా. చెబితే మిమ్మల్ని మళ్ళీ ఈ టీమ్‌లోకి రానిస్తారో లేదో. ఏం చేయమంటారు మేడమ్?"

ఆ పిల్ల నన్ను అడుగుతోంది, ఏం చేయాలని.

"చెప్పు. చెప్పాలి" అన్నాను.

"సారీ మేడమ్."

"నీ సూచన మీద నా మాట ప్రభావం ఏమైనా ఉందా?"

"లేదు మేడమ్" అంది. చాలా నెమ్మదిగా, నాకు దెబ్బ తగలకుండా అంది.

సిగ్గేసింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని కూర్చున్నాను. వెనక ఎవరో హారన్ కొట్టేదాకా అక్కడే ఉన్నాను.

ఏప్రిల్ 19

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

మధ్యాహ్నం ఆఫీసులో తలుపు వేసుకున్నాను. అభిరామ్ అనేవాడెవడో నాకు తెలియదనుకుని మొదటి నుంచీ చూశాను. అలలు తగ్గిపోయాయి. పైన గాలి నెమ్మదిగా ఉంది. ఏ ఎత్తులోనూ మేఘం నిలబడే తేమ లేదు. గ్రీన్. ఎక్కడైనా తప్పు చేశానేమోనని మళ్ళీ చూశాను. గ్రీన్. అప్పుడు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ దాక్కోవడానికి మేఘమైనా ఉండేది.

సాయంత్రం శారదమ్మ కిందికి దిగొచ్చింది. పట్టుచీర లేదు, పూలు లేవు.

"అమ్మా, నన్నొదిలెయ్. మొన్న నేనొస్తినే, ఆగిపాయె. నా మనసు ఒప్పుకుంటలేదు."

"అదేంటి శారదమ్మా, ఇప్పుడా చెప్పేది?" అమ్మ గాభరాపడిపోయింది. "ఇప్పటికిప్పుడు ఎవరిని పిలవను?"

నేను చీపురో చేటో సర్దుతున్నట్టు వంటింట్లోకి వెళ్ళాను. అప్పుడే ఫోన్ మోగింది.

హాల్లో మాటలన్నీ వినపడుతున్నాయి. అమ్మ కాలి గురించి అడిగాడు. మరదలు సృజన మధ్యాహ్నం క్వారంటైన్ గది అద్దం అవతల నుంచి మాట్లాడి వెళ్ళిందని చెప్పాడు. తర్వాత అడిగాడు.

"అక్క ఏది?"

"వంటింట్లో. పాలు..."

"ఈ వేళప్పుడు పాలెవరు తాగుతారమ్మా? పిలు."

అమ్మ దగ్గింది.

"మొన్న అక్క రాకుండా బయల్దేరాను. బెల్టులన్నీ బిగించుకుని గంటలకొద్దీ వెల్లకిలా పడుకుని, తీరా కిందికి దిగి వచ్చేశాను. అక్క రాందే కదలనని నీకు తెలుసుగా."

"ఆటలాడకురా. నా భయం నీకు తెలీదు."

"తెలుసమ్మా. నాకూ ఉంది భయం. అందుకే అక్కని అడుగుతున్నాను."

అంత మాట వాడి నోటి వెంట నేనెప్పుడూ వినలేదు. ఫైటర్ విమానాలు నడిపిన వాడు. వాకర్ కాళ్ళు గచ్చు మీద ఒకసారి కదిలి ఆగిన చప్పుడు.

"ఇందూ" అని అమ్మ పిలిచింది.

శారదమ్మే వంటింట్లోకి వచ్చింది. చెంబు కడిగి, నీళ్ళు పట్టి, నా చేతిలో పెట్టింది. "పో బిడ్డా. తమ్ముడు పిలుస్తుండు. జెర మెల్లగ నడువు."

వెనక గుమ్మంలోంచి చుట్టూ తిరిగి గేటు దాకా వెళ్ళాను. వెనక్కి తిరిగాను. శారదమ్మ ఫోను గుమ్మం వైపు తిప్పి పట్టుకుంది. ఆరేళ్ళు అయింది అలా ఎదురు నడిచి. సత్యదేవ్ నవ్వు గుర్తొచ్చింది. ఒక్కో అడుగుకీ, వద్దు, వీడికి వద్దు, వెనక్కి పో అని లోపల ఎవరో అంటున్నారు. ఎవరో ఏమిటి, నేనే. వీటి మీద నమ్మకం లేని నేనే.

ఫోను దాకా వచ్చాను. అభిరామ్ నీలం డ్రెస్సులో ఉన్నాడు. జుట్టు బాగా పొట్టిగా కత్తిరించారు. నవ్వలేదు.

"చెప్పక్కా. నువ్వు ఆ కుర్చీలో ఉంటే రేపటికి ఏమంటావు?"

ఒక్క మాట చాలు. "ఎందుకో అనుమానంగా ఉందిరా" అంటే చాలు. అన్నా వాడు ఎక్కుతాడు, మానడు. కానీ నా అనుమానాన్ని కూడా ఒళ్ళో పెట్టుకుని ఎక్కుతాడు. నా భయం నాది. దాన్ని వాడి చేత మోయించే హక్కు నాకు లేదు.

"గ్రీన్" అన్నాను.

"గట్టిగా చెప్పు. అమ్మకు వినపడాలి."

"గ్రీన్ రా. సముద్రం తగ్గింది. పైన గాలి బాగుంది. మబ్బు లేదు." చెంబులో నీళ్ళు ఒలికి కుచ్చిళ్ళు తడిశాయి. "వెళ్ళిరా."

"ఇక కదులుతాను" అన్నాడు. అప్పుడు నవ్వాడు, దవడ వదిలేసి.

ఫోన్ ఆగిపోయాక అమ్మ చాలాసేపు నా తడిసిన చీర వైపే చూసింది. "మార్చుకో, జలుబు చేస్తుంది" అంది.

ఏప్రిల్ 20

కౌంట్‌డౌన్ మొదలయ్యే ముందు నేనే లేచి వంటింటి వైపు వెళ్ళబోయాను. అలవాటు.

"ఎక్కడికే? ఇక్కడ, టీవీకి ఎదురుగా కూర్చో" అంది అమ్మ. శారదమ్మ జరిగి చోటిచ్చింది.

లేచింది.

అందరూ పైకి వెళ్ళే మంటను చూశారు. నేను దాని కింది నీళ్ళను చూశాను. తీరం దగ్గరి నీళ్ళు, వాటి అవసరం పడలేదు. నడి సముద్రం నీళ్ళు, వాటి అవసరమూ పడలేదు. అండమాన్ దాటిన నీళ్ళు, అవీ అక్కర్లేదు. ఒక్కో సముద్రానికీ మనసులోనే దండం పెట్టి పంపేశాను. కక్ష్యలోకి చేరారని ప్రకటించినప్పుడు తుకారాం గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శారదమ్మ ఏడుస్తోంది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో గమనించలేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి కాబట్టి చాలాసేపటి నుంచే అయి ఉంటుంది.

ఇరవై మూడున దిగుతారు. సముద్రంలోనే.

ఏప్రిల్ 21

రైల్లో రాస్తున్నాను.

పొద్దున చీఫ్ నుంచి మెయిల్ వచ్చింది. ఫోన్ కాల్ గురించి శ్రీహరికోటకి స్వయంగా వచ్చి వివరణ ఇవ్వమన్నారు. రేపే. బృందంలో నాకిక చోటు ఉండకపోవచ్చు. జరిగింది జరిగినట్టు చెబుతాను, డేటా చూసి కూడా చూడనట్టు మాట్లాడానని. యామిని తప్పేమీ లేదని మాత్రం రాతపూర్వకంగా ఇస్తాను. అమ్మకు మొత్తం చెప్పాను, భయపడి చేశానని. "నేనైతే వందసార్లు చేసేదాన్ని" అంది. "అది తప్పేలే" అని కూడా అంది.

సాయంత్రం స్టేషన్‌కి తుకారాం గారు ఆటో తెచ్చారు. సంచి భుజాన వేసుకుని హాల్లోకి వచ్చేసరికి అమ్మ కుర్చీలో లేదు. వెనక గదిలో చూశాను. ఎవరైనా బయల్దేరితే అక్కడే కదా ఉంటుంది. అక్కడా లేదు.

గేటు దగ్గర ఉంది. శారదమ్మ పక్కన నిలబడి పట్టుకోబోతే వద్దని తల ఊపి, వాకర్‌ని కొంచెం కొంచెం జరుపుకుంటూ ఇటు తిరిగింది. నాన్న పోయాక అమ్మ ఎవరికీ ఎదురు రావడం నేను చూడలేదు. రెండు చేతులూ వాకర్ మీద ఉన్నాయి కాబట్టి చెంబు లేదు. వాకర్ ముందుకు వేసి, ఆగి, దెబ్బతిన్న కాలు ఈడ్చి, మళ్ళీ ఆగి, నా మొహంలోకే చూస్తూ వస్తోంది.

"రైలు టైమైపోతుందమ్మా" అని తుకారాం గారు ఆటో హారన్ కొట్టారు.

అమ్మ నా దాకా వచ్చేవరకు నేను గుమ్మంలోంచి కదల్లేదు.